ఆ సీసా మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

కీమోకైన్ అనే చిట్టెలుక ప్రొటీన్‌తో రోగనిరోధక కణాలు క్యాన్సర్ గడ్డ మీదికి దండెత్తుతాయని గత వారం మీ జిల్లా అనుబంధంలో వార్త వేశారు. అది వచ్చినప్పటి నుంచి పర్లాకిమిడిలోని నా మందుల దుకాణంలో ఆ ప్రొటీన్ ఉందా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పాతపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంగతి మాత్రం మీకు చెప్పి తీరాలి. ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్, విశాఖలో చికిత్స జరుగుతోంది. మనవడు ఫోనులో ఒక విదేశీ కంపెనీ అమ్మే సీసా బొమ్మ చూపించాడట. "బాబూ, ఎంతయినా సరే, ఒక్కటి తెప్పించు" అన్నాడు. అది వస్తుందన్న ఆశతో ఈసారి కీమోథెరపీ కూడా వాయిదా వేయించాడు. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు.

ఈ దుకాణం చూసుకోవడానికి రాకముందు నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చిట్టెలుక కణాలతో పనిచేశాను. ఆ సీసాలు నేను తెరిచినవే. లోపల ఉండేది మైక్రోగ్రాముల్లో. వెలుతురుకు పట్టి చూసినా ఉందో లేదో తెలియని పొర. మూత తీసే ముందు సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పకపోతే పొడి మూతకే అంటుకుని పోతుంది. ద్రవంలో కలిపాక చిన్న చిన్న భాగాలు చేసి గడ్డకట్టించాలి. పదేపదే కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే పాడవుతుంది. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే మా వీధిలో దాన్ని దాచడం ఎలాగో ఆ వార్త రాసినవారు చెప్పాలి!

కీమోకైన్లు కణాలకు దారి చూపే చిన్న ప్రొటీన్లు. గాయమైనచోట, సూక్ష్మజీవి చొరబడినచోట అవి విడుదలవుతాయి. వాటి గాఢత ఎటు ఎక్కువగా ఉంటే తెల్ల రక్తకణాలు అటు పాకుతాయి. ప్రయోగశాలలో దీన్ని పరీక్షించే పద్ధతిని 1962లో బాయ్‌డెన్ అనే శాస్త్రవేత్త ప్రవేశపెట్టాడు: సన్నటి రంధ్రాలున్న పొర మీద కణాలు, కింద కీమోకైన్, కొన్ని గంటల తరువాత ఎన్ని కణాలు కిందికి దిగాయో లెక్కపెడతారు. ఆ సీసా ఇలాంటి పనికోసమే. చిట్టెలుక జన్యువును సాధారణంగా ఈ.కోలై బాక్టీరియాలో పెట్టి, అది తయారుచేసిన ప్రొటీన్‌ను శుద్ధి చేస్తారు. బాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం కాస్త మిగిలిపోయి మనిషి రక్తంలోకి వెళ్తే చలిజ్వరం వస్తుంది, మోతాదు ఎక్కువైతే రక్తపోటు పడిపోతుంది. అందుకే లేబుల్ మీద పరిశోధనకు మాత్రమే అని ఉంటుంది. ఆ మాట మీ వార్తలో ఎక్కడా లేదు.

పైగా చిట్టెలుక, మనిషి ఒకటి కాదు. మనలో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలను పిలిచే సీఎక్స్‌సీఎల్-8 అనే కీమోకైన్ చిట్టెలుకకు అసలు లేనే లేదు. ఆ పని వేరేవి చేస్తాయి. సీఎక్స్‌సీఎల్-12 అయితే రెండింటిలోనూ దాదాపు ఒకటే, తేడా ప్రొటీన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం. సరే, దాన్ని వాడవచ్చు కదా అంటారేమో. రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఎల్-12ను గుర్తుపట్టే గ్రాహకం ఉంటుందనీ, ఆ కీమోకైన్ ఎక్కువగా ఉండే ఊపిరితిత్తులు, కాలేయం, ఎముక మజ్జ వైపు ఆ కణాలు పాకడంలో దాని పాత్ర ఉందనీ 2001లోనే పరిశోధకులు చూపారు. అంటే ఏ కీమోకైన్ ఎవరిని ఎటు పిలుస్తుందో తెలియకుండా శరీరంలోకి ఎక్కిస్తే, తరమాలనుకున్న శత్రువుకే దారి చూపినట్టు కావచ్చు. పెద్దాయనకు ఈ ఒక్క సంగతే వివరంగా చెప్పాను. మిగతాదంతా విననే లేదు.

ఈ పరిశోధన వృథా అనడం లేదు. హెచ్‌ఐవీకి వాడే మరవిరాక్, మూలకణాలను మజ్జ నుంచి రక్తంలోకి రప్పించే ప్లెరిక్సాఫోర్ ఈ దారిలో వచ్చినవే. అమెరికాలో మొదటిదానికి 2007లో, రెండోదానికి 2008లో అనుమతి దొరికింది. రెండూ కీమోకైన్‌ను అందించేవి కావు, అది అతుక్కునే గ్రాహకాన్ని మూసేవి. మలేరియా తెలియని ఇల్లు లేని మా గజపతి కొండల వాళ్లకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. వైవాక్స్ మలేరియా క్రిమి ఎర్ర రక్తకణంలోకి దూరడానికి వాడుకునే డఫీ ప్రొటీన్, కీమోకైన్లు అతుక్కునే ప్రొటీన్ ఒకటేనని 1993లో తేలింది. అనుబంధంలో చోటుంటే అది రాయండి, చదువుతాం.

ఇకపై ఇలాంటి వార్త వేస్తే ఏ జంతువులో, ఏ దశలో జరిగిన పనో శీర్షికలోనే చెప్పండి. ఆఖరి వాక్యంలో చెబితే అక్కడిదాకా ఎవరూ చదవరు. పోయిన వారం వార్తకు సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. ఒడియా చదివేవాళ్ల కోసం దాన్ని ఒడియాలో నేనే రాసి దుకాణం ముందు పెడతాను.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా