చైనా ఖగోళ చరిత్రలో చైనీయులకు చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

చైనాకు పాశ్చాత్య ఖగోళశాస్త్రం చేరిన తీరుపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం మత్తెయో రిచ్చితో మొదలై, ఆడమ్ షాల్ మీదుగా ఫెర్డినాండ్ వెర్బియెస్ట్ దగ్గర ముగిసింది. ఆ జెస్యూట్ (కాథలిక్ మత సంఘానికి చెందిన) ఫాదరీల పాండిత్యాన్ని శంకించనక్కరలేదు గాని, వారి పక్కన నిలిచి పనిచేసిన చైనీయుల్లో ఒక్కరి పేరైనా వ్యాసంలో లేదు.

రిచ్చితో కలిసి యూక్లిడ్ రేఖాగణితంలోని మొదటి ఆరు భాగాలను 1607లో చైనీస్‌లోకి తెచ్చిన షు గ్వాంగ్‌చీ, ఆ తర్వాత అప్పటి మింగ్ రాజవంశపు ప్రభుత్వంలో ఉన్నత పదవికి ఎదిగాడు. 1629 జూన్ 21 నాటి సూర్యగ్రహణానికి ఆస్థానంలోని పాత పద్ధతులు కట్టిన లెక్క తప్పి, పాశ్చాత్య పద్ధతి లెక్క సరిపోవడంతో, చక్రవర్తిని ఒప్పించి పంచాంగ సంస్కరణకు కార్యాలయం తెరిపించినవాడు ఆయనే. ఫాదరీలు అందులో ఆయన కింద పనిచేశారు. వారు అక్కడ నిలబెట్టింది వ్యాసంలో రాసినట్టు, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందనే కోపర్నికస్ సిద్ధాంతమూ కాదు. 1616లో చర్చి దాన్ని నిషేధించినందువల్ల, గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారనే టైకో బ్రాహీ నమూనాను ఆధారం చేసుకున్నారు. గ్రహణాల లెక్కకు అది చాలింది.

అసలు దాటవేయరాని ఘట్టం 1664లో మొదలైంది. యాంగ్ గ్వాంగ్‌షియెన్ అనే పండితుడు షాల్ మీదా, పంచాంగాలూ ముహూర్తాలూ చూసే ఆస్థాన ఖగోళ శాఖ మీదా ఫిర్యాదు చేశాడు. పసితనంలోనే మరణించిన రాజకుమారుడి ఖననానికి చెడు ముహూర్తం పెట్టారన్నది అందులో ఒక నేరారోపణ. షాల్‌కు పడిన మరణశిక్ష 1665లో భూకంపం తర్వాత రద్దయింది. లీ జుబాయ్‌తో సహా ఐదుగురు చైనా క్రైస్తవ ఉద్యోగులకు మాత్రం తలలు తెగాయి. గణితం తనకు రాదని యాంగ్ స్వయంగా మొరపెట్టుకున్నా వినక ఆయన్నే శాఖాధిపతిని చేయడం ఆ కాలపు వింత. చివరికి 1668 డిసెంబరులో పద్నాలుగేళ్ల కాంగ్‌షీ చక్రవర్తి పరీక్ష పెట్టించగా, మధ్యాహ్నపు నీడ పొడవును వెర్బియెస్ట్ ముందే చెప్పి నెగ్గాడు. ఆ విజయాన్ని మీ వ్యాసం రెండు పేరాల్లో వర్ణించింది. దానికి మూడేళ్ల ముందు జరిగిన ఆ మరణాలను ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించలేదు.

వచ్చే వారం రెండో భాగం ఉంటుందని ప్రకటించారు గనుక, షు గ్వాంగ్‌చీకీ, లీ జుబాయ్‌కీ అందులో చోటు కల్పించి, కోపర్నికస్ గురించిన పొరపాటును సవరించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ