బిందుసేద్య పరికరాలకు ఊళ్లోనే మరమ్మతు కావాలి

సంపాదకులకు నమస్కారం.

బిందుసేద్యమే లేకపోతే అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలు చాలావరకు ఈపాటికి మోడువారి ఉండేవి. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ సాగునీటి పథకం మొదలైంది మొదలు, ప్రభుత్వాలు మారినా ఆ ఆలోచన నిలవడం, పరికరాలపై రాయితీలో సన్న, చిన్నకారు రైతులకు ఎక్కువ వాటా దక్కడం హర్షించదగిన విషయం. అయితే ఈ ఏడాది ఎన్ని హెక్టార్లకు పరికరాలు బిగించామన్న లెక్క వినిపించినంతగా, అయిదేళ్ల కిందట బిగించినవాటిలో ఎన్ని నేటికీ సక్రమంగా పనిచేస్తున్నాయన్న లెక్క వినిపించదు.

మా వైపు చాలా బోర్ల నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. చెట్టు మొదట్లో నీటిని చుక్కలుగా, గంటకు 4 లీటర్లు వదలవలసిన డ్రిప్పరు మూతి చుట్టూ తెల్లటి పొర కడుతుంది. అదే పొర లోపలి సన్నని దారిలోనూ పేరుకుపోతుంది. మోటారు ఆడుతూనే ఉంటుంది, గట్టు దగ్గరి చెట్లు పచ్చగానే ఉంటాయి కనుక రైతుకు వెంటనే తెలియదు. పైపు చివరి చెట్లకు ఆకు ముడుచుకుని పిందె రాలడం మొదలయ్యాక, అనుమానం వచ్చి చివరి మూత తీస్తే, ముందుగా ఎర్రమట్టి కలిసిన చిక్కటి నీళ్లు బయటికి వస్తాయి. విరుగుడు అందరూ ఎరిగినదే: ఫిల్టరు జల్లెడను తరచూ కడగాలి, మూతలు తీసి నీళ్లను జోరుగా వదలాలి, ఉప్పు గట్టిపడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నీళ్లతోపాటు పైపుల్లోకి పంపి, ఒక రోజు ఉంచి, కడిగేయాలి. కానీ ఆమ్లం మోతాదు నీటి గుణాన్ని బట్టి మారుతుంది; పైగా ఆమ్లాన్ని నీళ్లలో పోయాలే తప్ప నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. ఈ పనిని అలవాటు లేని రైతు ఒంటరిగా చేయడం ప్రమాదం.

ఎకరా రెండెకరాలవారి బాధ ఇంకా ఎక్కువ. ఎలుకలు, ఉడతలు కొరికిన పైపుకు ఒక జాయింటు, కారే వాల్వుకు ఒక రబ్బరు వాషరు కావాలన్నా కూలి పని మానుకొని పట్నానికి వెళ్లాలి. కేంద్ర నిబంధనల ప్రకారం అదే భూమికి రాయితీ మళ్లీ రావాలంటే 7 ఏళ్లు ఆగాలి. అంతవరకు ఓపిక పట్టలేక పైపులు చుట్టి గట్టున పడేసి, ఉన్న కాసిని బోరు నీళ్లనూ కాలువల్లో పారబెడుతున్నవారిని నేను చూస్తున్నాను.

బంగ్లాదేశ్‌లో 1980ల నుంచి కాలితో తొక్కే నీటి పంపు లక్షలాది పేద రైతులకు చేరింది. అది చవక కావడం ఒక కారణమైతే, దాన్ని అక్కడి చిన్న వర్క్‌షాపులే తయారు చేయడం, ఊరి మేస్త్రీలే బిగించి బాగుచేయడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. నీళ్లు కొద్ది అడుగుల లోతులో ఉన్నచోటనే ఆ పంపు పనికొస్తుంది కాబట్టి మనకు అక్కరకు రాదు. ఊళ్లోనే బాగుచేసుకునే ఆ ఏర్పాటు మాత్రం అక్కరకు వస్తుంది.

కాబట్టి ప్రతి రైతు సేవా కేంద్రంలో జాయింట్లు, వాషర్లు, మూతలు, ఫిల్టరు జల్లెడలు అసలు ధరకే దొరికేటట్లు చూడాలని, ఊరికొక యువకుడికో యువతికో మరమ్మతులోనూ ఆమ్ల శుద్ధిలోనూ శిక్షణ ఇచ్చి, పనిని బట్టి రుసుము నిర్ణయించాలని ఉద్యాన శాఖను కోరుతున్నాను. రాయితీకి కేటాయించే నిధుల్లో కొంత భాగాన్ని ఇందుకు విడిగా ఉంచి, వచ్చే వేసవిలో బోర్లు తగ్గుముఖం పట్టకముందే పాత పరికరాల తనిఖీ మొదలుపెట్టాలి.

– ఒక చీనీ రైతు, అనంతపురం జిల్లా