కొనేదీ నువ్వే, అమ్మేదీ నువ్వే

తిరుపతి,
ఫాల్గుణ మాసం

చిరంజీవి నాయనకు,

అమ్మ ఆశీస్సులు. ఫోన్‌లో ఇంత మాట్లాడితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, అందుకే రాస్తున్నా. నిదానంగా చదువు. కోడలికీ చూపించు.

నువ్వు అమ్ముతున్న కరకంబాడి రోడ్డు ఫ్లాట్‌కి 62 లక్షలు చెబితే కొనేవాళ్లు 58కి అడిగారని నీకు కోపం వచ్చింది. బేరం తెలియని మనుషులన్నావు. దాని బదులు నువ్వు కొనాలనుకుంటున్న అవిలాల ఇంటికి ఆ ఇంటాయన కోటీ 10 లక్షలు చెబితే, నువ్వు కోటికి ఇమ్మని అడిగావు. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడని మీ నాన్న చెప్పారు. నాయనా, అక్కడ కొనేదీ నువ్వే, ఇక్కడ అమ్మేదీ నువ్వే. రెండు చోట్లా ఒకే కొలత పెట్టుకోవాలి.

లెక్క చూడు. ఇద్దరూ చెప్పిన ధరలకే అయితే నువ్వు పైన వేసుకోవాల్సింది 48 లక్షలు. ఫ్లాట్‌ని 59కి వదిలి, ఇంటిని కోటీ 4 లక్షలకు మాట్లాడుకుంటే పైన పడేది 45 లక్షలే. అంటే ఫ్లాట్ మీద 3 లక్షలు తగ్గినా నువ్వు నష్టపోలేదు. నీకు కావాల్సింది ఆ రెంటి మధ్య తేడా. 62 అనే అంకె పట్టుకుని కూర్చుంటే, ఆ ఇల్లు ఇంకొకరు కొనుక్కుంటారు.

ఇప్పుడు మన ఊళ్లో బేరం ఎవరి పక్కకీ ఒరగలేదు. మన వీధి చుట్టుపక్కల అమ్మకానికి బోర్డు పెట్టిన ఇళ్లు వారంలో పోవడం లేదు, అలాగని ఏడాదంతా పడి ఉండడమూ లేదు. పరీక్షలు అయిపోయి, జూన్‌లో బడులు తెరిచేలోపు మారాలనుకునే వాళ్లు ఇప్పుడే తిరుగుతారు. ఉగాది మంచిరోజని అమ్మేవాళ్లూ ఇప్పుడే బయటికొస్తారు. గిరాకీ మరీ ఎక్కువగా ఉంటే అవిలాలాయన నీకు గడువే ఇవ్వడు, అడ్వాన్స్ ఎవరు ముందిస్తే వాళ్లకే రాసిస్తాడు. గిరాకీ లేకపోతే నీ ఫ్లాట్ అడిగేవాళ్లే ఉండరు. ఇప్పటిలా రెండూ కానప్పుడు మనకు దొరికేది తక్కువ ధర కాదు, టైమ్. దాన్ని వాడుకో. ఆయనతో అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు మూడు నెలల గడువు అడుగు. నీ ఫ్లాట్ డబ్బులు వచ్చాకే మిగతాది కడతానని, ఆలస్యమైతే అడ్వాన్స్ ఏమవుతుందో కూడా రాయించు. నోటి మాట మీద ఏదీ వద్దు. ఫ్లాట్ కొనేవాళ్లు లోన్‌కి గడువు అడిగితే నువ్వూ అలాగే ఇవ్వు, వాళ్లూ మనలాంటి కుటుంబమే.

ధర ఎలా తేల్చాలని అడిగావు కదా. బ్రోకర్ చెప్పే రేటు ఒకటి, బోర్డు మీది రేటు ఒకటి, నిజంగా చేతులు మారిన డబ్బు మరొకటి. నువ్వు మూడోది కనుక్కో. మీ అపార్ట్‌మెంట్‌లో చివరిగా అమ్ముడుపోయిన ఫ్లాట్ ఎంతకు పోయిందో అసోసియేషన్ వాళ్లకు తెలిసే ఉంటుంది. అవిలాలలో అదే వీధిలో పోయిన స్థలం రేటు పట్టుకుని, కట్టడానికి దాని వయసు చూసి విలువ కట్టు. ఇక్కడ స్థలం అంకణాల్లో చెబుతారు, నువ్వు హైదరాబాద్ అలవాటుతో గజాలు అడుగుతావు. మన దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు వైపు అంకణం 72 అడుగులు. ఆ ఇంటాయన 50 అంకణాలన్నాడు, అది 200 గజాలు. డాక్యుమెంట్‌లో ఎంతుందో, టేపు పెట్టి కొలిస్తే ఎంత వస్తుందో, రెండూ చూడాలి.

కాగితాల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. మన ఊరి చుట్టూ మఠాల భూములు, దేవస్థానం భూములు, ప్రభుత్వ భూములు చాలా ఉన్నాయి. వాటిని రిజిస్ట్రేషన్ చేయకూడదని 22-ఏ జాబితాలో పెడతారు. సర్వే నంబరు ఆ జాబితాలో ఉందో లేదో మొదట చూడు. పాత యజమానుల నుంచి వచ్చిన లింక్ డాక్యుమెంట్లు, ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపే 30 ఏళ్ల ఈసీ, పట్టణాభివృద్ధి సంస్థ తుడా ఇచ్చిన ప్లాన్ అప్రూవల్ తీసుకో. పైన వేసిన గది ప్లాన్‌లో ఉందా అని అడుగు. వకీలుకు ఇచ్చే ఫీజు చూసి వెనకాడకు.

ఈ నెలల్లో ఇల్లు చూడటంలో ఒక మేలుంది. ఎండలు ముదిరేకొద్దీ బోరు నిజం బయటపడుతుంది. మోటారు వేయించి అరగంట నిలబడు. కుళాయి నీళ్లు ఏ రోజు ఎంతసేపు వస్తాయో పక్కింటి ఆడవాళ్లను అడుగు, అమ్మేవాళ్లను కాదు. కానీ ఈ నెలల్లో కనిపించనిది ఒకటుంది, వాన నీళ్లు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, పల్లపు కాలనీలన్నీ నీళ్లలో ఉన్నాయి కదా, నువ్వు అప్పుడు హైదరాబాద్‌లో ఉండి మా కోసం ఎంత టెన్షన్ పడ్డావో. ఆ రోజు ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో ఇంటింటికీ అడిగి చెప్పమని మీ నాన్నను పంపిస్తాను. గడప దాటాయంటే, ధర ఎంత తగ్గించినా నాకు ఆ ఇల్లు వద్దు.

ఖర్చులు ముందే పక్కన పెట్టు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. కోటీ 4 లక్షల మీద 7 లక్షల 80 వేలు. 30 నుంచి 75 లక్షల లోపు లోన్ అయితే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు, ఈ ఖర్చులు ఆ విలువలో కలపరు. ఫ్లాట్ మీద లాభానికి పన్ను ఉంటుంది. కొత్త ఇల్లు రెండేళ్లలోపు కొంటే మినహాయింపు ఉంది, ఆడిటర్‌తో మాట్లాడు. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఇంటికి కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టాలి, అంటే ధరలోంచి ఆ పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. నీ ఫ్లాట్‌కు వాళ్లు, అవిలాల ఇంటికి నువ్వు.

కొంత నగదుగా ఇవ్వమని అడిగితే ఒప్పుకోకు, నువ్వూ అడగకు. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా పెనాల్టీ కింద పడొచ్చు. రాత్రి నిద్ర పట్టనివ్వని డబ్బు నాకు వద్దు.

ఫ్లాట్ మీద బ్యాంకు లోన్ బాకీ ఉంది కాబట్టి, బ్యాంకు దగ్గర బాకీ ఎంతో కాగితం తెప్పించుకో. లోన్ మొత్తం తీరాక ఒరిజినల్ డాక్యుమెంట్లు 30 రోజుల్లో ఇచ్చేయాలని రిజర్వ్ బ్యాంకు 2023లో చెప్పింది. అయినా ఆ నెల రోజులూ కొనేవాళ్ల గడువులో కలుపుకో.

ఫ్లాట్ అడిగిన వాళ్లకు ఫోన్ చేసి 60 అని చెప్పు, 59కి తగ్గు, కోపం లేకుండా. అవిలాలాయనకు నేనే ఫోన్ చేసి, ఆదివారం నువ్వూ కోడలూ వస్తారని చెబుతాను. ఫ్లాట్ డాక్యుమెంట్ల జిరాక్స్ సెట్ రెండు తీసుకురా, ఒకటి వకీలుకు ఇద్దాం.

ఇట్లు
మీ అమ్మ