హేచరీ పెట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

అందరికీ నమస్కారం. సంఘం తరఫున సొంత చేపల హేచరీ (గుడ్లు పెట్టించి, పొదిగించి చేపపిల్లల్ని తీసే కేంద్రం) పెడదామన్న మాట నాకు చాలా నచ్చింది, కానీ చర్చంతా తొట్టెల చుట్టూనే తిరుగుతోంది. గుండ్రటి తొట్టెలు, నీరు ఆగకుండా తిరిగే ఏర్పాటు అవసరమే, ఎందుకంటే బొచ్చె, శీలావతి లాంటి కార్ప్ జాతి చేపల గుడ్లు కదలని నీటిలో అడుక్కి చేరి ఊపిరాడక పాడైపోతాయి. అయితే అసలు ఆస్తి తల్లి చేపలు. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించి చూపించాక చేపపిల్లల కోసం నది మీద ఆధారపడటం తగ్గింది, నిజమే, కానీ అవే తల్లి చేపల్ని, వాటి పిల్లల్నే ఏళ్ల తరబడి వాడితే రక్తసంబంధం దగ్గరై ఎదుగుదల మందగిస్తుంది. అందుకే మధ్యమధ్యలో బయటి నుంచి కొత్త చేపలు తెచ్చి కలపాలి, ఏది ఎక్కడిదో రిజిస్టర్‌లో రాయాలి. ఈ పని ఎవరిదో ముందే తేల్చుకుందాం, ప్లీజ్.

ఇంకోటి. గుడ్డు పగిలిన మూడు రోజులకే పిల్లల్ని చెరువులో వదిలేస్తే పురుగులు, పెద్ద చేపలు తినేస్తాయి. పిల్లల్ని కొంత ఎదిగేదాకా పెంచే నర్సరీ గుంటలు కావాలి, వాటిలోంచి కలుపు చేపల్ని (మనకు అక్కర్లేని చేపల్ని) ముందే తీసేయాలి, రిజర్వాయర్‌లోకైతే పిల్ల 80-100 మిల్లీమీటర్లకు ఎదిగాకే వదలాలి. ఇందుకు రెండు మూడు నెలలు మేత, కాపలా ఖర్చు ఉంటుంది. బడ్జెట్‌లో అది కనబడలేదు, మీటింగ్‌లోపు చేర్చండి.