పక్క తలుపు కొట్టగలగాలి

అమ్మడూ,

మొన్న ఫోన్‌లో కొత్త ఫ్లాట్ గురించి చెబుతూ, "ఇక్కడ చాలా హాయిగా ఉంది నాన్నా, ఎవరి జోలికీ ఎవరూ రారు, పక్కవాళ్ల పేరు కూడా నాకు తెలీదు" అన్నావు. అడుగడుగునా ఆరాలు తీసేవాళ్లతో విసిగిపోయి వెళ్లినదానివి, నీ హాయి నాకు అర్థమైంది. కానీ ఆ చివరి ముక్క దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఫోన్‌లో చెబితే క్లాసు పీకినట్టు ఉంటుందని తీరిగ్గా రాస్తున్నాను.

మంచి ఇరుగుపొరుగుగా ఉండాలంటే అందరితో రాసుకుపూసుకు తిరగక్కర్లేదు. దానికి నా లెక్కలో కొలత ఒక్కటే. అర్ధరాత్రి అవసరం పడితే వాళ్లు మొహమాటం లేకుండా నీ తలుపు కొట్టగలగాలి, నువ్వూ వాళ్ల తలుపు కొట్టగలగాలి. ఆ చనువు అవసరం వచ్చిన రోజున పుట్టదమ్మా. ఏ అవసరమూ లేని రోజుల్లోనే, మెట్ల మీద ఎదురుపడినప్పుడు ఓ పలకరింపుతో మొదలై, అప్పటికే ఏర్పడి ఉండాలి.

ఇన్నేళ్లూ ఇళ్లు కట్టే సైట్లలో పనిచేసినవాణ్ణి కాబట్టి భూకంపాల సంగతులు ఎక్కడ కనబడినా వదలకుండా చదువుతాను. 1995 జనవరి 17న తెల్లవారుజామున జపాన్‌లో కోబె దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. 6,400 మందికి పైగా చనిపోయారు. రోడ్లు మూసుకుపోయి, చాలాచోట్ల ఒకేసారి మంటలు లేస్తే ఫైరింజన్లు మాత్రం ఎన్నని వెళ్తాయి? శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో ఎక్కువమందిని లాగింది ఇంట్లోవాళ్లూ, ఇరుగుపొరుగువాళ్లే. భూకంప కేంద్రానికి దగ్గర్లో అవాజి అనే దీవి మీద హొకుదాన్ అని ఓ చిన్న ఊరు. అక్కడ ఏ ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో పక్కవాళ్లకు తెలుసు. అందుకని కూలిన ఇంటినంతా తవ్వుతూ కూర్చోకుండా, మనిషి ఉండే చోటు చూసుకుని అక్కడే తవ్వారు. చిక్కుకున్నవాళ్లను ఆ రోజే బయటికి తీయగలిగారు. పక్కింటి పెద్దాయన ఏ గదిలో పడుకుంటే నాకెందుకు అనిపిస్తుంది మామూలు రోజుల్లో. ఆ ఒక్క ముక్క తెలిసి ఉండటం వల్ల బతికి బట్టకట్టిన మనుషులు ఉన్నారు.

అదే ఏడాది జూలైలో అమెరికాలోని షికాగోలో వడగాడ్పులకు కొద్ది రోజుల్లోనే 700 మందికి పైగా పోయారు. చాలామంది ఒంటరిగా ఉంటున్న వృద్ధులు. తర్వాత ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశాడు. రెండిట్లోనూ పేదవాళ్లే, ఒంటరి వృద్ధులూ ఉన్నారు. అయినా ఒక పేటలో మరణాల రేటు రెండోదానికి దాదాపు పది రెట్లు. రెండో పేటలో వీధులు జనంతో కళకళలాడేవి, పెద్దవాళ్లు గడప దాటి బయటికి వచ్చేవాళ్లు. మొదటిదాంట్లో చాలా ఇళ్లు ఖాళీగా వెలవెలబోయి, మిగిలినవాళ్లు భయంతో తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయేవాళ్లు. ఎండ ఇద్దరికీ ఒకటే కదా. తేడా అంతా మనిషి కనబడటంలోనూ, కనబడకపోతే అడిగేవాళ్లు ఉండటంలోనూ ఉంది.

ఇక్కడే నువ్వు అడ్డొస్తావని తెలుసు. "అంటే అందరి మీదా ఓ కన్నేసి ఉంచాలా?" అంటావు. గమనించడం వేరు, ఆరా తీయడం వేరు తల్లీ. రెండు రోజులుగా దీపం వెలగలేదే అని బెల్లు కొట్టి "అంతా బాగేనా?" అంటే అది గమనించడం. ఎవరొచ్చారో, ఎన్నింటికి వెళ్లారో చూసి ఇంకో ఇంట్లో చెప్పడం ఆరా. అదంటే నీకు ఒళ్లుమంట, ఉండాల్సిందే. ఆ కోపంలో మొదటిదాన్ని కూడా వదిలేసుకోకు.

మన ఎదురింటి పెద్దాయన విషయం నీకు పూర్తిగా చెప్పలేదు. రోజూ పొద్దున్నే ముందుగది కిటికీ తెరిచి, రెక్కలు గాలికి కొట్టుకోకుండా ఓ చెక్కముక్క అడ్డం పెట్టేవాడు. ఓ రోజు తొమ్మిదైనా కిటికీ తెరుచుకోలేదు. మీ అమ్మ చూసి నన్ను పంపింది. నాలుగుసార్లు పిలిస్తే లోపలి నుంచి సన్నగా ఓ మూలుగు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, తెల్లవారుజాము నుంచి తడి నేల మీదే ఉన్నాడు. తలుపు పగలగొట్టే పని పడలేదు. అంతకుముందు కూతురింటికి వెళ్తూ, మొక్కలకు నీళ్లు పోయమని తాళంచెవి మా చేతికిచ్చి వెళ్లాడు. వచ్చాక తిరిగిస్తుంటే "మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు. దానికి దారంతో ఓ అట్టముక్క కట్టి ఉంది. దాని మీద వణుకుతున్న అక్షరాలతో "ముందు తలుపు" అని రాసిపెట్టాడు. ఒంటరి మనిషిని కదా అని లోపల గడియ పెట్టుకోకుండా తాళం మాత్రమే వేసుకునేవాడు. పది నిమిషాల్లో అంబులెన్స్‌కు ఫోన్ చేసి ఆయన పక్కన కూర్చోగలిగాను. ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా వస్తున్నాడు.

ఆ రోజు మేం వెళ్లడం కంటే, అంతకుముందు ఆయన మమ్మల్ని నీళ్లు పోయమని అడగడమే పెద్ద విషయమని నాకు అనిపిస్తుంది. నీకు సాయం చెయ్యడం తేలిక, అడగాలంటేనే ప్రాణం మీదికొస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే, రాని లెక్కతో రాత్రంతా కుస్తీ పడతావు గానీ పక్క గదిలో ఉన్న నన్ను అడగవు. కానీ ఎప్పుడూ ఏమీ అడగనివాళ్ల దగ్గరికి ఎదుటివాళ్లు కూడా అడగడానికి రారు. వాళ్లకు భారమవుతామేమో అని నువ్వు ఆగితే, నీకు భారమవుతామేమో అని వాళ్లూ ఆగుతారు. ముందు నువ్వే చిన్నదేదో అడుగు. బల్బు మార్చడానికి స్టూలో, మంచి ప్లంబర్ నంబరో. తీసుకున్న వస్తువు ఆ రోజే తుడిచి తిరిగివ్వు.

పై ఫ్లాట్‌లో చప్పుళ్ల గురించి చెప్పావు కదా. మాటలూ టీవీ గాలిలో వచ్చే శబ్దాలు, వాటిని గోడా స్లాబూ చాలావరకు ఆపేస్తాయి. కుర్చీ ఈడ్చడం, మడమలు మోపి నడవడం, పిల్లలు బంతి కొట్టడం అలా కాదు. దెబ్బ నేరుగా స్లాబ్‌కే తగిలి, కాంక్రీటే కంపించి నీ గదిలో మోగుతుంది. పైనున్నవాళ్లకు ఆ మోత అంతగా వినపడదు, కాబట్టి కావాలని చేస్తున్నారనుకోకు. రాత్రి పదకొండుకు కోపంలో పైకి వెళ్లకు, వాట్సాప్ గ్రూప్‌లో అస్సలు పెట్టకు. నలుగురిలో మాట పడ్డ మనిషి తప్పు తనదే అయినా దిగిరాడు. పగటిపూట నువ్వే వెళ్లి, "మీకు తెలిసి ఉండదు, కుర్చీ జరిపితే కింద బాగా వినిపిస్తోంది" అని చెప్పు. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించి, నడిచే చోట మందపాటి కార్పెట్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. అన్నట్టు ముందు నీ కుర్చీలకు అంటించు, నీ నేల కింద కూడా ఎవరో నిద్రపోతున్నారు.

ఇంకోటి. కిందివాళ్లు వచ్చి సీలింగ్ చెమ్మగా ఉందంటే "మాది కాదు" అని వెంటనే అనేయకు. వెళ్లి చూడు. నీళ్లు కారేది ఒకచోటైతే స్లాబ్‌లో పాకి మరోచోట బయటపడతాయి, కాబట్టి చూసిన వెంటనే ఎవరి తప్పో ఎవరూ చెప్పలేరు. ఎక్కువగా నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ) చుట్టూనో, టైల్స్ జాయింట్లలోనో ఉంటుంది. ట్రాప్ మూసి నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టి ఒకరోజు ఆగితే కారేది నీ నేల నుంచో కాదో చాలావరకు తేలుతుంది. ఈ పరీక్షకు మనం ముందుకొస్తే గొడవ సగం సద్దుమణుగుతుంది, నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను.

మొగుడూపెళ్లాల గొడవ వినిపిస్తే మన పని కాదు, వాళ్లే సర్దుకుంటారు. కానీ కొడుతున్నట్టు, ఎవరో భయపడి ఏడుస్తున్నట్టు వినిపిస్తే మాత్రం అది వాళ్లింటి విషయం కాదు. వాచ్‌మన్‌నో ఇంకెవరినో తోడు తీసుకుని వెళ్లి బెల్లు కొట్టు. నీళ్లు వస్తున్నాయా అని అడిగినా చాలు, లోపల చెయ్యి ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే పోలీసులకు ఫోన్ చెయ్యి.

వీలు చూసుకుని ఒక పూట సీపీఆర్, అదే గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స, కూడా నేర్చుకో. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంతలో చేరగలిగేది ఎదురు తలుపు మనిషే.

అందరూ మంచిగానే తిరిగి పలకరిస్తారని చెప్పను. కొందరు ముఖం తిప్పుకుంటారు, వాళ్ల బాధలేమిటో మనకు తెలియదు, వదిలెయ్యి. ఎవరి చూపైనా మాటైనా తేడాగా అనిపిస్తే మర్యాద కోసం భరించాల్సిన పని లేదు, నీ మనసు చెప్పిందే విను. నీ అంతస్తులో అందరూ ఆప్తులు కానక్కర్లేదు, ఒక్క ఇల్లు చాలు.

నీ ఇంటి రెండో తాళంచెవి మా దగ్గర ఉంది. అంత దూరం నుంచి అది నీకు ఎందుకూ పనికిరాదు, వచ్చే నెల నీ దగ్గరికి వచ్చేటప్పుడు తెస్తాను. ఎవరి చేతికివ్వాలో మేం వచ్చి నిర్ణయించేది కాదు. ఈలోపు వాళ్లూ వీళ్లూ ఎలాంటివాళ్లో నీకే కాస్త తెలుస్తుంది. మీ అమ్మ కూడా ఇదే మాట రాయమంది.

ఇట్లు,
మీ నాన్న