హీటింగ్ మ్యాట్ గురించిన ఫిర్యాదుకు నేటికీ జవాబు రాకపోవడం గురించి

కాల్గరీ, కెనడా

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం.

మీ సంస్థ నుంచి తెప్పించుకున్న పెరటితోట సామగ్రిలో, నారు ట్రే కింద పరిచే హీటింగ్ మ్యాట్ వేడెక్కడం లేదు. వస్తువు గురించి చెప్పవలసింది అంతే. ఈ ఉత్తరం రాస్తున్నది, మార్చి మొదట్లో ఆ సంగతి తెలియజేసినప్పటి నుంచి మీ ఉద్యోగులు నన్ను తిప్పుతున్న తీరు గురించి.

మొదట ఫోను ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడి ఫొటోలు పంపమన్నారు, పంపాను. తరువాత మాట్లాడినాయన ఫొటోలు చెల్లవు, వీడియో కావాలన్నారు. మట్టిలో థర్మామీటరు గుచ్చి, అది 17 డిగ్రీల దగ్గరే నిలిచిపోయినట్టు స్పష్టంగా కనబడేలా వీడియో తీసి పంపితే, అందినట్టు కూడా ఎవరూ చెప్పలేదు. ఇంకొకరు కొరియర్ వారిని అడగమన్నారు. కొరియర్ వారు అమ్మినవారినే అడగాలన్నారు. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త మనిషికి మొదటి నుంచీ కథంతా చెప్పుకోవలసి వచ్చింది. పై అధికారితో మాట్లాడించమంటే ‘లైన్‌లో ఉండండి’ అని వెళ్లినవారు తిరిగి రాలేదు. చివరకు నాతో ఎవరూ మాట్లాడకుండానే ‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది’ అని సందేశం పంపారు.

అన్నింటికన్నా బాధించిన మాట మరొకటి ఉంది. ‘ఇంత తొందరేమిటండీ, ఎండలు వచ్చాక విత్తనాలు బయటే చల్లుకోండి’ అని మీ ఉద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. చలిదేశాల్లోని తెలుగువారి కోసమే ఈ సామగ్రి అని ప్రకటించుకునే సంస్థలో పనిచేసేవారికి ఈ మాత్రం తెలియకపోతే ఎలా? ఇక్కడ మే నెలలో విక్టోరియా డే సెలవు దాటేదాకా లేత మొక్కను ఆరుబయట నాటడానికి ఎవరూ సాహసించరు, సెప్టెంబరు సగానికల్లా మళ్లీ మంచు పట్టవచ్చు. ఆ నాలుగు నెలలైనా నిండని కాలంలో వంగ, మిరప కాపుకు రావాలంటే ఎనిమిది నుంచి పది వారాల ముందే ఇంట్లో నారు పోసుకోవాలి, మట్టి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. మొన్న ట్రేలో మట్టి కదిపి చూస్తే వంగ విత్తనాలు ఉబ్బి, బూజు పట్టి, వేలు తగలగానే చితికిపోయాయి. ఏప్రిల్ వెళ్లిపోయింది. ఇప్పుడు కొత్త మ్యాట్ పంపినా ఈ ఏటి వంకాయ నాకు దక్కదు.

మీరు వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో, మన తెలుగువారి సంస్థ అన్న అభిమానంతో, పక్క దుకాణంలో తక్కువకు దొరికే విత్తనాలు కూడా మీ దగ్గరే కొన్నాను. ఈ ఏడు కొత్తగా తోట మొదలుపెట్టిన రెండు కుటుంబాలు నా మాట నమ్మే మీ సామగ్రి తెప్పించుకున్నాయి. వారు అడిగితే ఏమి చెప్పాలో మీరే చెప్పండి.

మ్యాట్ మారుస్తారో డబ్బు తిరిగి ఇస్తారో మీ ఇష్టం, కానీ జరిగినదానికి సంజాయిషీ ఇస్తూ బాధ్యత గల అధికారి సంతకంతో నాకు జవాబు రావాలి. ఈ వారాంతంలోగా అది రాకపోతే క్రెడిట్ కార్డు సంస్థ ద్వారా చెల్లింపును సవాలు చేస్తాను, అల్బెర్టా వినియోగదారుల రక్షణ విభాగానికి ఫిర్యాదు చేస్తాను, ఈ ఉత్తరాన్ని మా ఊరి తెలుగువారి వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒక్క అక్షరం మార్చకుండా పెడతాను.

ఇట్లు,
మీ పాత వినియోగదారు