ఆరు మీటర్ల తొంభై మూడు

రీడింగ్, ఇంగ్లండ్,
2023 మే 21, ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో నువ్వు "మీ చిట్టికి సైకిల్ రేసులో ఎన్నో స్థానం వచ్చిందిరా?" అని అడిగేసరికి ఆఫీసు కాల్ వచ్చిందని పెట్టేశాను గుర్తుందా? నిజం చెప్పేస్తున్నా, ఆ కాల్ రాకపోయినా ఏదో ఒక వంకతో పెట్టేసేవాణ్ణే. నీ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఇవాళ రెండో రేసు కూడా అయిపోయింది. పిల్ల నిద్రపోయింది. తీరిగ్గా రాస్తున్నా, నువ్వూ తీరిగ్గా చదువు.

మన తెనాలిలో అద్దె సైకిళ్లు తెచ్చుకుని కాలవ గట్టున పందేలు వేసుకున్న రోజులు తలుచుకో. నియమం ఒక్కటే, ముందు చేరినవాడు గెలిచినట్టు. మధ్యలో చైను ఊడితే వాడి ఖర్మ. అదే ధైర్యంతో ఇక్కడా దిగాను.

లాక్‌డౌన్లో పట్టుకుంది చిట్టికి ఈ సైకిల్ పిచ్చి. పద్నాలుగో పుట్టినరోజుకి మంచి రోడ్ సైకిల్ కొనిపెట్టాను. తొమ్మిది వందల పౌండ్లు. మా ఆవిడకి ఆరు వందలని చెప్పాను కాబట్టి ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. "పిల్లల రేసులకి పనికొస్తుందా?" అని కొట్టువాణ్ణి అడిగితే "బ్రహ్మాండంగా" అన్నాడు. ముందు, పెడళ్ల దగ్గర, చైను తిరిగే పళ్ల చక్రాలు రెండు, 50 పళ్లదొకటి, 34 పళ్లదొకటి. వెనక 11 పళ్ల నుంచి 28 పళ్ల దాకా పదకొండు పళ్ల చక్రాలు. కొట్టుల్లో చాలా రోడ్ సైకిళ్లు ఇంచుమించు ఇలాగే వస్తాయి.

ఫిబ్రవరిలో మొదటి రేసు. లండన్‌కి పడమటి వైపు కార్లూ బస్సులూ రాని ఒక చిన్న సర్క్యూట్. పొద్దున్న ఎనిమిదింటికి చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. పిల్లలంతా సైకిళ్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నేలమీద తెల్ల టేపుతో రెండు గీతలు. ఒక పెద్దాయన ప్రతి సైకిల్‌నీ అన్నిటికంటే పెద్ద గేరులో, అంటే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోయేదాంట్లో, పెట్టించి, ఒక పెడల్ నిలువుగా కిందికి ఉండేట్టు చూసి, సైకిల్‌ని మెల్లగా వెనక్కి నడిపిస్తున్నాడు. పెడల్ సరిగ్గా ఒక చుట్టు తిరిగి మళ్లీ కిందికి వచ్చేసరికి చక్రం రెండో గీత లోపలే ఆగాలి. దీన్ని రోల్ అవుట్ అంటారు. నేనేమో బ్రేకులు చూస్తున్నారు కాబోలు అనుకుంటున్నా!

సంగతేమిటంటే, ఇక్కడి సైకిల్ పోటీల సంఘం బ్రిటిష్ సైక్లింగ్ నిబంధనల ప్రకారం పదహారేళ్ల లోపు పిల్లలకి పెడల్ ఒక చుట్టుకి 6.93 మీటర్లే హద్దు. పద్నాలుగు లోపు వాళ్లకి 6.05. ఇంకా చిన్నవాళ్లకి ఇంకా తక్కువ. చిట్టి సైకిల్ 50కి 11, అంటే ముందు 50 పళ్లు, వెనక 11 పళ్లు, వేస్తే తొమ్మిదిన్నర మీటర్లు దాటుతుంది. పెద్దాయన వెనక్కి నడిపించాడు, గీత దాటింది, టేపు దాటింది, ఇంకా పోతూనే ఉంది. వెనక నిలబడ్డ పిల్లలు జరిగి దారిచ్చారు. చిట్టి మొహం చూడలేకపోయాన్రా.

తప్పు నాదే. నిబంధన రాసే ఉంది, నేనే చదవలేదు. ప్రవేశ రుసుము కట్టాను, సభ్యత్వం తీసుకున్నాను, హెల్మెట్ కొన్నాను, పులిహోర కూడా కట్టించుకున్నాను. గేరుకి హద్దుంటుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

పెద్దాయన మర్యాదస్తుడు, వెళ్లిపొమ్మనలేదు. "ముందున్న పెద్ద పళ్ల చక్రం మీదికి చైను ఎక్కకుండా బిగించుకు రండి, మళ్లీ చూస్తాను" అన్నాడు. బిగించడమెలాగో నాకేం తెలుసు? పక్కనున్న ఒక పిల్లాడి తండ్రి జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. ముందు డిరైలర్‌కి, అదే చైనుని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి తోసేదానికి, రెండు బుల్లి స్క్రూలుంటాయి. వాటిలో ఒకదాన్ని లోపలికి తిప్పితే ఇక అది బయటికి జరగదు. రెండు నిమిషాల పని. చైను 34 పళ్ల చక్రం మీదే ఉండిపోయింది. 34కి 11 అంటే ఆరున్నర మీటర్లు, గీత లోపలే ఆగింది. కాకపోతే లోపలి చక్రం నుంచి బయటి చివరి పళ్ల మీదికి చైను ఏటవాలుగా పోతుంది కదా, రేసంతా కరకరమని ఒకటే చప్పుడు. ఆ చప్పుడు నాకు దూరం నుంచే వినపడుతోంది.

సర్క్యూట్ రెండో చుట్టులోనే గుంపు చిట్టిని వదిలేసి పోయింది. తర్వాత ఒంటరిగా ఎదురుగాలిలో తొక్కింది. గుంపు వెనకనుంచి వచ్చి దాటేసింది, ఇంకోసారి దాటేసింది, ఆపైన గంట కొట్టి పక్కకి వచ్చేయమన్నారు. కారెక్కాక ఒక్కటే మాట అంది: "నాన్నా, వాళ్లందరికీ ముందే తెలుసు."

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను, నా ఇంజనీరింగ్ దేనికి మరి! నిమిషానికి వంద చుట్లు తొక్కితే 6.93 మీటర్ల గేరులో గంటకి నలభై ఒకటిన్నర కిలోమీటర్లు. చిట్టి గేరులో ముప్పై తొమ్మిది. చూశావా, పిల్లలందరికీ సమానంగా ఉండాలని పెట్టిన హద్దు తెలిసినవాడికి 6.93, తెలియనివాడికి 6.51 అయింది! ఈ లెక్క పట్టుకుని వారం రోజులు ఇంట్లో రంకెలేశాను. తర్వాత మనసు కుదుటపడ్డాక ఒప్పుకోవాల్సి వచ్చింది. నిమిషానికి ఆరేడు చుట్లు ఎక్కువ తొక్కితే ఆ తేడా పూడిపోతుంది. చిట్టి ఓడింది గేరు వల్ల కాదు. మూలమలుపులో పక్కవాడి మోచెయ్యి తగిలితే బెదిరిపోయి బ్రేకు వేసింది. ముందువాళ్లకి మూడు సైకిళ్లంత ఎడం వచ్చింది. ముందువాళ్ల వెనక దొరికే గాలి చాటు పోయింది. ఇక అంతే. ముందు చక్రానికి జానెడు దూరంలో ఉండి తొక్కడం ఏ పార్కులో నేర్చుకుంటుంది చెప్పు, నాతో పాటు ఆదివారం షికారు తొక్కే పిల్ల?

అసలు ఈ హద్దు ఎందుకంటావా? ఎదిగే పిల్లలు పెద్ద గేర్లు బలంగా తొక్కితే మోకాళ్లు పాడవుతాయని ఒక మాట. కాళ్లు చురుగ్గా తిప్పడం అలవాటు కావాలని ఇంకో మాట. నాకు బాగా నచ్చింది మూడోది. ఆ వరసలో నిలబడ్డ పద్నాలుగేళ్ల వాళ్లని చూడాలి నువ్వు. ఒకడికి మీసం వచ్చేసింది, నాకంటే పొడుగు. పక్కవాడు మన సుబ్బారావు ఆరో తరగతిలో ఉన్నట్టు పుల్లలా ఉన్నాడు. గేరుకి హద్దు లేకపోతే ఆ మీసాలవాడు చివరి రెండు వందల మీటర్లు పెద్ద గేరు వేసి పోతాడు, పుల్లవాడు ఇక సైకిల్ ముట్టడు. అందుకే మొన్న నన్నంత ఏడిపించినా ఆ నియమం తీసేయమని నేననను.

పెద్ద పిల్లల సంగతి వేరు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్లని ఇక్కడ జూనియర్లంటారు. వాళ్లకి ప్రపంచమంతా 7.93 మీటర్లే హద్దుగా ఉండేది, ముందు 52, వెనక 14 పళ్లు పెట్టుకుంటే సరిపోయేది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అదే యూసీఐ, ఈ ఏడాది జనవరి 1 నుంచి దాన్ని ఎత్తేసింది. మంచిదే అంటాను. వారమంతా వెనక 11 పళ్ల పెద్ద గేరుతో సాధన చేసి, ఆదివారం పొద్దున్న మాత్రం 14 పళ్లు బిగించుకుని వచ్చేవాడి మోకాళ్లని ఆ హద్దు ఏం కాపాడినట్టు?

ఆ ఎత్తేయడం వల్ల మాకు ఊహించని లాభం ఒకటి జరిగింది. ఫిబ్రవరి రేసు అయిన మరుసటి వారం ఇక్కడి ఒక క్లబ్బులో చేరాం. మంగళవారం సాయంత్రాలు గో-రైడ్ అని పిల్లలకి సైకిల్ శిక్షణ ఉంటుంది. అక్కడ ఒకావిడ, ఇద్దరు కొడుకుల్ని రేసుల్లో పెంచిన తల్లి, కారు డిక్కీలోంచి పెద్ద ఐస్‌క్రీమ్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే నల్లటి గ్రీజు వాసన. లోపల ముందు వైపు బిగించే పళ్ల చక్రాలు, 42, 44, 46 పళ్లవి. అడుగున రబ్బరు బ్యాండ్లు వేసిన క్యాసెట్లు, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తులు, అన్నీ 14 నుంచి 28 పళ్లవి. జూనియర్లకి ఇక వాటితో పని లేదని జనవరిలో తెచ్చి ఇందులో పడేశారట. నేను కొట్టుకి వెళ్లి అడిగితే "తెప్పించాలి, మూడు వారాలు పడుతుంది" అన్న వస్తువు అక్కడ డబ్బాకి అడుగున దొర్లుతోంది. "ఎంతివ్వాలి?" అన్నాను. "పిల్ల పెద్దయ్యాక తెచ్చి ఇందులోనే వెయ్యి" అంది.

ముందు 46, వెనక 14. ఇరవై అయిదు మిల్లీమీటర్ల టైరుతో అది 6.92, హద్దుకి వేలెడు కూడా లేదు తేడా. సంబరపడి నేను చేసిన తెలివైన పని విను. ఇక్కడి గుంతల రోడ్లకి మెత్తగా ఉంటాయని ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల టైర్లు కొని ఎక్కించాను. ఆ డబ్బా ఇచ్చినావిడకి గొప్పగా చెబితే నా వంక ఓ చూపు చూసి, "సుద్దముక్క, టేపు తీసుకుని ఇంటి ముందు కొలుచుకో" అంది. చిట్టి, నేను ఇంటి ముందు గీతలు గీసి, వంగి కొలుస్తుంటే ఎదురింటి ముసలాయన కుక్కని ఆపి మరీ చూస్తున్నాడు. ఏడు మీటర్ల రెండు సెంటీమీటర్లు! టైరు లావైతే చక్రం చుట్టుకొలత పెరుగుతుంది కదా, ఆ మాత్రం చాలు. ఆ సాయంత్రమే పాత టైర్లు మళ్లీ ఎక్కించాం. కొత్తవి షెడ్డులో ఉన్నాయి, వాటి ధర మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

నువ్వు అనొచ్చు, కొత్తగా వచ్చి గెలిచినవాళ్లు లేరా అని. ఉన్నారు. పోయిన ఆదివారం ఇటలీ రేసులో టైమ్ ట్రయల్, అదే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కేది, గెలిచి, మొదటి స్థానంలో ఉన్నవాడికిచ్చే గులాబీ జెర్సీ వేసుకుని, ఆ రాత్రే కోవిడ్ అని ఇంటికెళ్లిపోయాడే, రెమ్కో ఎవెనెపోల్, ఆ బెల్జియం కుర్రాడు. వాడు 2017 దాకా ఫుట్‌బాల్ ఆటగాడు. 2018లో ఇన్స్‌బ్రుక్‌లో జూనియర్ ప్రపంచ పోటీల్లో రోడ్ రేసూ గెలిచాడు, టైమ్ ట్రయలూ గెలిచాడు, ఆ 7.93 హద్దులోనే. ఈ కథ చిట్టికి చెప్పి ధైర్యం నూరిపోశాను. అది ఫోన్లో వెతికి చూసి, "నాన్నా, వాళ్ల నాన్న కూడా రేసరే" అంది. నిజమే, ఆయనా ఒకప్పుడు ప్రొఫెషనల్. ఇంట్లో ఆ స్క్రూ ఎటు తిప్పాలో తెలిసిన మనిషి ఉన్నాడన్నమాట. నాకు కోపం వచ్చిందల్లా అక్కడే. ఈ ఆటలో డబ్బు అడ్డమే, ఆదివారం తెల్లారగట్ల కారు తీసే నాన్న లేకపోతే అదీ అడ్డమే. కానీ వాటికంటే ముందు, ఎవరూ దాచిపెట్టని విషయాలే కొత్తవాడికి తెలియకుండా ఉంటాయి. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పరు.

సరే, ఇవాళ్టి సంగతి. రోల్ అవుట్‌లో టైరు గీతకి ఆనుకుని ఆగింది, నా గుండె కూడా ఆగింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి బొటనవేలు పైకెత్తాడు. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే బయల్దేరతారు, ఫలితాలు విడివిడిగా రాస్తారు. మూలమలుపులో ఈసారి బ్రేకు వేయలేదు. మెడ ముందుకి వాల్చి, ముందువాడి వీపు చూస్తూ పోయింది. ఇంకో మూడు చుట్లు ఉన్నాయనగా గుంపు నుంచి విడిపోయి వెనకబడింది. కానీ ఎవరూ గంట కొట్టి పిలవలేదు, తనే పూర్తి చేసింది. పదముగ్గురు అమ్మాయిల్లో పదకొండో స్థానం. విన్నావుగా, అదీ నీ ప్రశ్నకి జవాబు. "సూరి బాబాయికి పదకొండు అని చెప్పు, పదముగ్గురిలో అని చెప్పకు" అంది, నేను రెండూ రాసేశాను.

పిన్ని ఆవకాయ పెట్టిందా? మీ బావమరిది జూన్‌లో ఇటు వస్తున్నాడన్నావు కదా, ఓ కిలో పంపు. ఈసారి గాజు సీసాలో వద్దు, పోయినసారి వాడి చొక్కాలన్నీ నూనెపాలయ్యాయి. మూత గట్టిగా ఉండే పెద్ద ప్లాస్టిక్ డబ్బా అయితే మంచిది, ఖాళీ అయ్యాక పళ్ల చక్రాలు వేసుకోవడానికి నాక్కూడా ఒకటి కావాలి.

నీ
గోపి